పల్లె నుంచి పటాలం

1939 అక్టోబరు రెండో వారంలో ఫిన్లాండ్ పల్లెల్లో పిలుపు కాగితాలు అందాయి. వాటిలో యుద్ధం అన్న మాట లేదు, ‘అదనపు శిక్షణ’ అని మాత్రమే ఉంది. మాస్కోలో చర్చలు నడుస్తున్న సమయం అది. సైన్యాన్ని సమీకరిస్తున్నామని బాహాటంగా చెబితే పొరుగున ఉన్న సోవియట్ యూనియన్‌కు సాకు దొరుకుతుందని ఆ పేరు పెట్టారు. రైతులు, అడవిలో చెట్లు కొట్టే కూలీలు, బడిపంతుళ్లు, మిల్లు కార్మికులు సొంత బూట్లు తొడుక్కుని, సొంత ఉన్ని స్వెట్టర్లు వేసుకుని, భుజాన సంచులతో చెప్పిన చోటుకు చేరుకున్నారు. అక్కడ చాలామందికి సర్కారు ఇచ్చినవి మూడే: నడుముకు ఒక బెల్టు, టోపీకి గుచ్చుకునే ఒక బిళ్ల, ఒక రైఫిల్.

ఈ వేషానికి జనం ‘కయాందర్ మోడల్’ అని పేరు పెట్టేశారు. కయాందర్ అప్పటి ప్రధానమంత్రి. వృత్తిరీత్యా అడవుల శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. గోదాముల్లో తుప్పు పట్టే ఆయుధాల మీద దేశం డబ్బు తగలేయలేదని ఆ ఆగస్టులోనే ఆయన సంతృప్తి వెలిబుచ్చాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది.

అయితే ఒంటి మీద యూనిఫాం లేని ఈ మనుషులే రోజుల వ్యవధిలో సెక్షన్లుగా, కంపెనీలుగా, రెజిమెంట్లుగా సర్దుకుని సరిహద్దు వైపు కదిలిపోయారు. ఎవరు ఏ ప్లటూన్‌లో ఉండాలో, ఎవరి గుర్రం ఏ బండికి కట్టాలో, ఏ బడి భవనంలో ఎవరు గుమిగూడాలో ముందే రాసిపెట్టి ఉంది. నవంబరు 30న సోవియట్ దాడి మొదలయ్యేనాటికి సుమారు 3 లక్షల మంది తమ తమ స్థానాల్లో ఉన్నారు. అప్పటి ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు, నేటి హైదరాబాద్ నగర జనాభాలో సగం కూడా కాదు. కోట్లు చాలని దేశం ఇంత పెద్ద పదాతి దళాన్ని ఎలా కట్టింది? రెండు ప్రపంచ యుద్ధాల మధ్య దొరికిన ఇరవై ఏళ్లను దేనికి ఖర్చు పెట్టింది, దేన్ని వదిలేసింది? ఈ లెక్క ఒక్క ఫిన్లాండ్‌ది కాదు, ఆ కాలంలో కొత్తగా పుట్టిన ప్రతి చిన్న దేశమూ వేసుకోవలసి వచ్చిన లెక్క.

రెండు బడుల అధికారులు

1917 డిసెంబరు 6న ఫిన్లాండ్ రష్యా సామ్రాజ్యం నుంచి విడిపోయి స్వతంత్రం ప్రకటించుకుంది. అప్పటికి దానికి సొంత సైన్యం అంటూ లేదు. రెండు నెలలు గడవక ముందే, 1918 జనవరిలో, దేశం ‘తెల్లవాళ్లు’, ‘ఎర్రవాళ్లు’గా చీలి అంతర్యుద్ధంలోకి జారింది. భూస్వాములు, రైతులు, మధ్యతరగతి ఒకవైపు. కార్మికులు, కౌలుదారులు మరోవైపు. మే నెలకల్లా తెల్లవాళ్లు గెలిచారు. ఆ తర్వాత జరిగిన కాల్పులు, ఖైదీల శిబిరాల్లో ఆకలి చావులు చాలా ఏళ్లు మానని గాయంగా మిగిలాయి.

కొత్త సైన్యానికి అధికారులు రెండు దారుల్లో వచ్చారు. మొదటివారు జార్ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. తెల్ల సైన్యానికి నాయకత్వం వహించిన మన్నర్‌హైమ్ వాళ్లలో ప్రముఖుడు. ఆయన జార్ కొలువులో జనరల్ స్థాయి దాకా ఎదిగిన మనిషి. రెండోవారు ‘జేగర్లు’. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రహస్యంగా సరిహద్దు దాటి జర్మనీ వెళ్లి, అక్కడ 27వ జేగర్ బెటాలియన్‌లో శిక్షణ పొందిన దాదాపు 1,900 మంది యువకులు. వీళ్లకు తూర్పు రంగంలో పోరాడిన అనుభవం ఉంది, జర్మన్ పద్ధతి తెలుసు, పాత రష్యన్ అధికారులంటే గిట్టదు.

ఈ రెండు బడుల వాళ్లకూ పొసగలేదు. 1924లో జేగర్ అధికారులు మూకుమ్మడి రాజీనామాల బెదిరింపుతో ప్రభుత్వం మెడ వంచారు. రష్యన్ సైన్యంలో పెరిగిన సైన్యాధ్యక్షుడు విల్కమాను చదువు పేరుతో విదేశాలకు పంపేశారు. కొద్దికాలానికి జేగర్ అయిన ఆర్నే సిహ్వో ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి జేగర్లలో చాలామంది ముప్ఫైల్లోనే ఉన్నారు. దీనివల్ల అనుభవం కొంత పోయినా మేలు కూడా ఒకటి జరిగింది. బెటాలియన్లు, రెజిమెంట్లు పడుచు నాయకుల చేతికొచ్చాయి. 1939లో ఆ మనుషులే నలభైల్లో కల్నళ్లుగా, జనరళ్లుగా నిలబడ్డారు. సైనికాధికారుల పై చదువుకు 1924లో పెట్టిన వార్ కాలేజీలో వాళ్లు వేరే దేశాల పాత యుద్ధాలతో పాటు తమ అడవులను, తమ దారులను కూడా చదివారు. అక్కడ లాడొగా సరస్సుకు ఉత్తరాన ఉన్న ప్రాంతం మీద అధ్యయనం చేసిన పావో తల్వెలా యుద్ధంలో అదే నేల మీద సేనలను నడిపాడు.

పాత రిసీవర్‌కు కొత్త గొట్టం

సైన్యం అన్నాక మొదట కావలసింది రైఫిల్. రష్యన్ దండులు వదిలి వెళ్లిన ఆయుధశాలల్లో ఫిన్లాండ్‌కు వేల కొద్దీ మోసిన్-నాగాంత్ రైఫిళ్లు దొరికాయి. 1891 నాటి నమూనా, 7.62 మిల్లీమీటర్ల తూటా. వాటిని అమ్మేసి పశ్చిమ దేశాల కొత్త రైఫిళ్లు కొనాలా, లేక వాటితోనే సర్దుకోవాలా అన్నది తొలి ప్రశ్న. ఎస్టోనియా, లాత్వియాలు బ్రిటిష్ ఆయుధాల వైపు కూడా మొగ్గాయి. మన దగ్గర పోలీసుల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన .303 తూటా రైఫిల్ బాల్టిక్ తీరంలోనూ కనిపించిందంటే కారణం అదే.

ఫిన్లాండ్ పాతదానితోనే ఉండిపోయింది. పొదుపు ఒక్కటే దానికి కారణం కాదు. యుద్ధం వస్తే అది తూర్పు నుంచే వస్తుందని అందరికీ తెలుసు. అక్కడి శత్రువు జేబులోనూ ఇదే తూటా ఉంటుంది. పడిపోయిన శత్రువు దగ్గర తీసుకున్న గుళ్లు తమ తుపాకీలో పడతాయంటే, తూటాల గోదాం సగం శత్రువే మోసుకొచ్చినట్టు.

అయితే ఆ పాత రైఫిళ్లలో చాలావాటి గొట్టాలు అరిగిపోయాయి. గురి చూసే పట్టీ మీద దూరాలు ‘అర్షిన్’ అనే పాత రష్యన్ కొలతలో ఉన్నాయి. ఒక అర్షిన్ అంటే 71 సెంటీమీటర్లు. వాటిని మీటర్లకు మార్చారు. గొట్టం, చెక్క మార్చారు. తూటా పేలే భాగాన్ని పట్టి ఉంచే రిసీవర్ మాత్రం ఎప్పటిదైనా అదే ఉంచారు. కర్రును ఉంచుకుని నాగలిని కొత్తగా చెక్కించుకునే రైతు పద్ధతే ఇది. ఫిన్లాండ్ ఎన్ని కొత్త మోడళ్లు తెచ్చినా మోసిన్ రిసీవర్‌ను సొంతంగా ఎన్నడూ తయారు చేయలేదు. అవసరమైనప్పుడు ఇతర దేశాల దగ్గర మూలపడ్డ మోసిన్లను కొనుక్కుంది.

1927లో సైన్యం తెచ్చిన ఎం-27 రైఫిల్ గొట్టం 80 సెంటీమీటర్ల నుంచి 68.5 సెంటీమీటర్లకు తగ్గింది. అడవిలో, స్కీల మీద తిరిగే మనిషికి పొట్టి తుపాకీ సుఖం. అయితే ముందు చెక్క బలహీనంగా ఉండడంతో బాయ్‌నెట్ బిగించి కసరత్తు చేస్తే దెబ్బతినేది. దాన్ని బలపరచి మళ్లీ చేయవలసి వచ్చింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఒకే దేశంలో రెండు సంస్థలు వేర్వేరుగా రైఫిళ్లు తయారు చేయించుకున్నాయి. సైన్యం ఒకటి, పౌర రక్షక దళం మరొకటి. ఈ దళం అంతర్యుద్ధ కాలపు తెల్లవాళ్ల నుంచి పుట్టిన స్వచ్ఛంద సంస్థ, 1930ల్లో సుమారు లక్ష మంది సభ్యులతో ఉండేది. దాని ఆయుధశాలే తర్వాత ‘సాకో’ కంపెనీగా మారి 1927లో రీహిమాకి పట్టణానికి తరలింది. ఎం-28, ఆ తర్వాత ఎం-28-30 రైఫిళ్లు ఈ దళానివే. గురి పోటీలంటే పిచ్చి ఉన్న సభ్యుల ఒత్తిడి వల్ల వాటి ట్రిగ్గరూ గురి పట్టీ సైన్యం వాటికంటే నాణ్యంగా వచ్చాయి. తర్వాత లోకమంతా చెప్పుకున్న స్నైపర్ సిమో హాయ్‌హా వాడింది ఈ ఎం-28-30నే. ఆయన పూర్తికాలం సైనికుడు కాదు, పౌర రక్షక దళంలో చేరి గురి నేర్చుకున్న రైతు.

సైన్యానికీ దళానికీ ఉమ్మడిగా ఒకే రైఫిల్ ఉండాలని తేలేసరికి 1939 వచ్చేసింది. ఎం-39 అనే ఆ రైఫిల్ యుద్ధం మొదటి రోజుకు సైనికుల చేతికి అందనేలేదు.

గీత మార్చిన 1934

1920ల ఫిన్లాండ్ సైన్యం పాత పద్ధతిలో ఉండేది. శాంతి కాలంలో బారకాసుల్లో ఉన్న రెజిమెంట్లే యుద్ధం వస్తే రిజర్వు సైనికులను కలుపుకుని ఉబ్బాలి. చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కానీ బారకాసుల్లో ఉన్న సైన్యమే సరిహద్దుకు పరిగెత్తి శత్రువును ఆపాలి, అదే సైన్యం వెనక్కి చూస్తూ లక్షల మంది రిజర్వు సైనికులను చేర్చుకుని యూనిట్లుగా మార్చాలి. ఒకే మనిషి గుమ్మం దగ్గర దొంగను పట్టుకుంటూ పెరట్లో వంట చేయడం కుదరదు.

1930ల మొదట్లో సైనిక ప్రధాన కార్యాలయం ఈ చిక్కుముడి విప్పడానికి కూర్చుంది. అక్కడ తేలిన పరిష్కారం 1934 నుంచి అమల్లోకి వచ్చింది. దేశాన్ని 9 సైనిక ప్రాంతాలుగా, వాటిని జిల్లాలుగా విడగొట్టారు. యుద్ధం వస్తే ఒక్కో ప్రాంతం ఒక డివిజన్‌ను ఇవ్వాలి, దాని జిల్లాల నుంచి రెజిమెంట్లు పుట్టాలి. శాంతి కాలపు సైన్యంలో ఉండే 30,000 పైచిలుకు మంది ఇక ఉబ్బరు. వాళ్లు ‘ముసుగు దళాలు’గా వెంటనే ఆగ్నేయ సరిహద్దులోని కరేలియా భూసంధికి పోయి శత్రువును ఆపుతూ ఉంటారు. ఆ సందులో పల్లెల్లో అసలు సైన్యం తయారవుతుంది.

ఈ ఏర్పాటుకు ప్రాణం జాబితా. శిక్షణ పూర్తి చేసుకున్న ప్రతి మగవాడి పేరు, వయసు, నేర్చుకున్న ఆయుధం జిల్లా కార్యాలయంలో ఉండేవి. నిర్బంధ సైనిక సేవ దాదాపు ఏడాది. రిజర్వు అధికారులు, నాన్ కమిషన్డ్ అధికారులు కావలసిన వాళ్లకు ఇంకో కొన్ని నెలలు. 1920లో హమీనాలో పెట్టిన రిజర్వు అధికారుల పాఠశాల ఏటా కొత్త ప్లటూన్ కమాండర్లను తయారు చేసి ఇళ్లకు పంపేది. అలా వెళ్లినవాడు పగలు ఊళ్లో బడిపంతులు, కాగితం వస్తే అదే ఊరి కుర్రాళ్లకు లెఫ్టినెంట్.

రైఫిళ్లు, మెషిన్‌గన్లు, గుడారాలు జిల్లా గోదాముల్లో యూనిట్ల వారీగా పెట్టారు. గుర్రాలు రైతులవే. బండ్లు, స్లెడ్జీలు కూడా వాళ్లవే. యుద్ధకాలంలో 60,000కు పైగా గుర్రాలను పొలాల నుంచి తీసుకున్నారు. లారీలు తక్కువ, రోడ్లు ఇంకా తక్కువ అయిన దేశంలో ఫిరంగిని లాగినదీ, సూపు కాగే వంట బండిని ముందుకు తెచ్చినదీ, గాయపడిన వాణ్ణి వెనక్కి మోసినదీ గుర్రమే.

ఒక డివిజన్‌లో సుమారు 14,200 మంది, మూడు పదాతి రెజిమెంట్లు, ఒక ఫిరంగి రెజిమెంట్. ప్రతి పదాతి రెజిమెంట్‌లో మూడు బెటాలియన్లు. మనుషుల లెక్కలో సోవియట్ డివిజన్‌కు కాస్త తక్కువ. తేడా మనిషి దగ్గర కాదు, మనిషి వెనకున్న ఇనుము దగ్గర. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ప్లటూన్ కూర్పు

పదాతి దళం అసలు ముఖం ప్లటూన్‌లో కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నేర్పిన పాఠం ప్రకారం ముప్ఫై నలభై మంది వరసగా నిలబడి రైఫిళ్లు పేల్చే కాలం అయిపోయింది. ప్రతి చిన్న గుంపుకూ సొంతంగా ఎడతెగని కాల్పులు జరిపే ఆయుధం కావాలి. కాల్పులు జరిపేవాడు శత్రువు తల వంచేలా చేస్తే, మిగిలినవాళ్లు పక్క నుంచి పాకి వెళ్లాలి. దీనికి దారి ఇచ్చేది లైట్ మెషిన్‌గన్.

ఫిన్లాండ్ 1920ల మధ్యలో పోటీ పెట్టి, ఐమొ లాహ్తి, అర్వో సాలొరంత కలిసి రూపొందించిన ఎం-26ను ఎంచుకుంది. లాహ్తి పెద్ద చదువులు చదవని మనిషి. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పని చేస్తూ సొంతంగా డిజైన్లు వేసినవాడు. ఎం-26 గురి విషయంలో మంచిదే, కానీ అందులో చిన్న చిన్న భాగాలు మరీ ఎక్కువ. గడ్డకట్టే చలిలో నూనె బిగుసుకుపోతే మొరాయించేది. మ్యాగజైన్‌లో 20 గుళ్లే. యుద్ధంలో సోవియట్ దెగ్తియారెవ్ లైట్ మెషిన్‌గన్ చిక్కితే సైనికులు ఎగిరి గంతేసేవాళ్లు. దాని పళ్లెంలో 47 గుళ్లు పడతాయి, తూటా అదే, చలికి లొంగదు.

లాహ్తి రెండో ఆయుధం కథ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 1931లో వచ్చిన ‘సువోమి’ సబ్‌మెషిన్‌గన్ 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటాను నిమిషానికి 700 పైచిలుకు వేగంతో వెదజల్లేది. టిక్కకోస్కి ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఉక్కు దిమ్మెను చెక్కి చేయవలసి రావడంతో ఖరీదు ఎక్కువ. బరువూ ఎక్కువ. అప్పట్లో యూరప్‌లోని పెద్ద సైన్యాలు సబ్‌మెషిన్‌గన్‌ను పోలీసుల ఆయుధంగానే చూశాయి. 200 మీటర్లు దాటితే పనికిరాని తుపాకీ పదాతి దళానికి ఎందుకన్నది వాళ్ల వాదన.

ఫిన్లాండ్ నేల ఆ వాదనను ఒప్పుకోలేదు. దట్టమైన పైన్, స్ప్రూస్ అడవిలో శత్రువు కనిపించేదే చాలాసార్లు యాభై, వంద మీటర్లలో. అక్కడ వెయ్యి మీటర్ల రైఫిల్ కంటే, 70 గుళ్ల డ్రమ్ తగిలించిన సువోమి ముఖ్యం. అందుకని ప్లటూన్‌ను రెండు రకాల సెక్షన్లతో కూర్చారు: లైట్ మెషిన్‌గన్ చుట్టూ అల్లిన చిన్న సెక్షన్లు, సబ్‌మెషిన్‌గన్ ఉన్న రైఫిల్ సెక్షన్లు. ఒకటి శత్రువును నేలకు కరుచుకునేలా చేస్తే ఇంకొకటి దగ్గరకు చొచ్చుకెళ్తుంది. యుద్ధం మొదలయ్యేసరికి దేశం మొత్తం మీద సువోమిలు 4,000 మాత్రమే ఉన్నాయి, డివిజన్‌కు 250 చొప్పున పంచారు. సెక్షన్‌లో ఆ తుపాకీ ఎవరికి ఇవ్వాలన్నది నాయకుడు ఆలోచించి తీసుకునే నిర్ణయమయింది. సాధారణంగా అందరికంటే చురుకైన వాడికి దక్కేది.

విచిత్రమేమిటంటే సోవియట్ సైన్యం తన సబ్‌మెషిన్‌గన్‌ను 1939 మొదట్లోనే సేవ నుంచి తప్పించింది. ఫిన్లాండ్ అడవుల్లో దెబ్బతిన్నాక హడావుడిగా మళ్లీ తయారీ మొదలుపెట్టింది, దానికి సువోమి తరహా డ్రమ్ జోడించింది. రెండో ప్రపంచ యుద్ధం చివరికి రెడ్ ఆర్మీ చిహ్నంగా మారిన పెపెషా తుపాకీ డ్రమ్‌కూ మూలం అదే.

పై స్థాయిలో నీటి తొట్టెతో చల్లబడే మాక్సిమ్ మెషిన్‌గన్లు ఉండేవి, రష్యన్ వారసత్వమే. రెజిమెంట్‌కు ఆరు చొప్పున డివిజన్‌కు 18 మోర్టార్లు కేటాయించారు. తాంపెల్లా ఫ్యాక్టరీ ఈ 81 మిల్లీమీటర్ల మోర్టార్లను సొంతంగా తయారు చేసింది. గుర్రం బండిలో పట్టే, విడదీసి మనుషులు మోసుకెళ్లగల ఈ ఆయుధం చిన్న దేశానికి అందుబాటులో ఉన్న పదాతి దళపు సొంత ఫిరంగి.

చలిని ఆయుధం చేసుకోవడం

ఇతర దేశాల సైన్యాలు శీతాకాలాన్ని ఓర్చుకోవలసిన కష్టంగా లెక్కేస్తే, ఫిన్లాండ్ ఆ కాలానికి తగ్గ సామాను, పద్ధతులు ఇరవై ఏళ్ల పాటు తయారు చేసుకుంది. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు.

సగం ప్లటూన్, అంటే దాదాపు ఇరవై మంది, నడుమ కట్టెల పొయ్యి పెట్టుకుని పడుకునే గుడారం. పడవ ఆకారంలో చెక్కతో చేసిన ‘అహ్కియో’ స్లెడ్జీ. దాన్ని స్కీల మీదున్న మనుషులే లాగుతూ గుడారం, పొయ్యి, మెషిన్‌గన్, గాయపడిన వాణ్ణి తీసుకెళ్తారు. ముక్కు పైకి తిరిగిన తోలు బూటు, స్కీ మీద ఒక్క తోలు పట్టీ. అడవిలో కాల్పులు మొదలైతే మోకాలు వంచకుండానే కాలు విడిపించుకుని పడుకోవచ్చు. ఒంటి మీద తెల్లటి మంచు అంగీ. వీటికి తోడు చిన్నప్పటి నుంచి స్కీల మీద బడికి వెళ్లిన మనిషి.

సరిహద్దులో ముసుగు దళాలుగా పనిచేసే, జేగర్ల పేరే పెట్టుకున్న బెటాలియన్లు వేసవిలో సైకిళ్ల మీద, మంచు పడితే స్కీల మీద కదిలేవి. పెట్రోలు కొనలేని దేశానికి ఇంతకంటే చవకైన వేగం లేదు.

మంచులో ఒక బెటాలియన్‌ను రోడ్డు వదిలి పది కిలోమీటర్లు అడవిలో నడిపి, రాత్రి నిద్రపుచ్చి, వేడి తిండి పెట్టి, తెల్లవారేసరికి శత్రువు పక్కన నిలబెట్టగలగడమే ఈ ఏర్పాట్లన్నిటి లక్ష్యం. సోవియట్ డివిజన్లలో చాలావాటికి ఆ పని చేతకాలేదు. వాళ్ల లారీలు, ట్యాంకులు ఉన్న ఒకే ఒక్క రోడ్డును పట్టుకుని మైళ్ల పొడవునా బారులు తీరాయి.

ఊరంతా ఒకే కంపెనీలో

ప్రాంతీయ పద్ధతి వల్ల ఒక కంపెనీలోని మనుషులు దాదాపు ఒకే ప్రాంతం వాళ్లు. ఒకే చర్చి, ఒకే బడి, ఒకే రంపపు మిల్లు. ఎవడు ధైర్యవంతుడో, ఎవడికి స్కీ బాగా వచ్చో, ఎవడి గుర్రం మొండిదో కమాండర్‌కు ముందే తెలుసు. పక్కవాణ్ణి వదిలేసి పారిపోతే ఆ సంగతి తనకంటే ముందు ఊరు చేరుతుందన్న భయమూ ఉండేది.

పౌర రక్షక దళం ఈ పద్ధతికి ఊళ్లలో కాళ్లూ చేతులూ అయింది. పిలుపు కాగితాలు పంచడం, రిజర్వు వాళ్లకు శిక్షణ, గురి పోటీలు, స్కీ పందేలు అన్నీ ఆ దళానివే. 1921లో ఏర్పడ్డ ‘లొట్టా స్వార్డ్’ మహిళా సంస్థ వంట, ఆస్పత్రి, దుస్తుల కుట్టుపని, తర్వాత శత్రు విమానాల మీద నిఘా దాకా చేపట్టింది. 1939 నాటికి అందులో లక్ష మంది దాకా మహిళలున్నారు. జాతరలు, నాటకాలు, కాఫీ దుకాణాలు పెట్టి వాళ్లు పోగుచేసిన డబ్బు ఆయుధాల కొనుగోలుకూ వెళ్లింది. పౌర రక్షక దళం ఎం-24 రైఫిల్‌కు ‘లొట్టా రైఫిల్’ అని పేరు రావడానికి కారణం అదే.

కానీ ఈ ఊరి బలంలో ఒక బీట ఉంది. పౌర రక్షక దళమంటే కార్మికులకు 1918 గుర్తొచ్చేది. తమ అన్ననో నాన్ననో చంపిన తెల్లవాళ్ల దళం అది. కర్మాగారాల పట్టణం తాంపెరేలో 1933లో ఆరో పయారి అనే దళ నాయకుడు ఎర్రజెండాలు పీకించి పెద్ద గొడవకు కారణమయ్యాడు. అలాంటి దేశంలో కార్మికుల చేతికి రైఫిల్ ఇస్తే అది ఎటు తిరుగుతుందన్న అనుమానం అధికారులకు లేకపోలేదు.

ఆ అనుమానం తీరడానికి సైనిక చర్యలు కాదు, రాజకీయం పనికొచ్చింది. 1920ల భూసంస్కరణలతో కౌలుదారులు సొంత భూమి సంపాదించుకున్నారు. 1937లో సోషల్ డెమోక్రాట్లు, రైతు పార్టీ కలిసి ప్రభుత్వంలో కూర్చున్నారు. చివరికి 1939 డిసెంబరు 12న తోల్వయార్వి సరస్సుల దగ్గర ఫిన్లాండ్‌కు తొలి పెద్ద విజయం తెచ్చిన రెజిమెంట్‌లో తాంపెరే ప్రాంతపు కార్మికులే ఎక్కువ. వాళ్లను నడిపినవాడు అదే పయారి. 1940 ఫిబ్రవరిలో సోషల్ డెమోక్రాట్ పార్టీ, పౌర రక్షక దళం ఒక ఒప్పందానికి వచ్చి పాత పగను అధికారికంగా పక్కన పెట్టాయి.

ఊరి నుంచి వచ్చిన కంపెనీకి మూల్యం కూడా ఊరే చెల్లించింది. ఒక కంపెనీ మీద ఫిరంగి గుండ్లు కురిసిన రోజున ఒకే చర్చి పరిధిలో పది ఇళ్లకు ఒకేసారి కబురు వెళ్లేది. చనిపోయినవాళ్లను యుద్ధభూమిలో పాతిపెట్టకుండా వీలైనంత వరకు సొంత ఊరి చర్చి తోటకే పంపాలని ఫిన్లాండ్ సైన్యం నిర్ణయించుకుంది. ఆ దేహాలను శుభ్రం చేసి పంపే పని లొట్టాలది. మూడున్నర నెలల యుద్ధంలో సుమారు 25,000 మంది చనిపోయారు.

కొనని ఇనుము

ఊరు ఇవ్వలేనిది ఇనుము, అది డబ్బుతోనే వస్తుంది. 1920ల్లో రక్షణ డబ్బులో పెద్ద ముక్క రెండు తీర రక్షణ యుద్ధనౌకలకు పోయింది. ఇల్మరినెన్, వైనామొయినెన్ అనే ఆ నౌకలు 1930ల మొదట్లో నీటిలోకి దిగాయి. ఆ డబ్బుతో ఫిరంగులు కొనుంటే బాగుండేదన్న వాదన తర్వాత ఎంతోకాలం నడిచింది. ఆ వెంటనే ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చింది. 1931 నుంచి రక్షణ మండలి అధ్యక్షుడుగా ఉన్న మన్నర్‌హైమ్ బడ్జెట్ పెంచమని అడిగి అడిగి, 1939లో రాజీనామాకు కూడా సిద్ధపడ్డాడు.

ఫలితం సరిహద్దులో కనిపించింది. ట్యాంకుల మీద పనికొచ్చే స్వీడన్ బోఫోర్స్ 37 మిల్లీమీటర్ల తుపాకీలు 1938 చివర్లో గానీ రావడం మొదలవలేదు. యుద్ధం మొదలయ్యేసరికి దేశం మొత్తానికి దాదాపు వంద. డివిజన్‌కు 18 అని కాగితం మీద ఉన్న సంఖ్య క్షేత్రంలో కనిపించలేదు. ఎదురుగా వచ్చినవి 2,000కు పైగా సోవియట్ ట్యాంకులు. చాలామంది సైనికులు అసలు ట్యాంకును మొదటిసారి చూసింది తమ కందకం మీదికి వస్తున్నప్పుడే. ఆ ఖాళీని నింపడానికి సీసాలు ముందుకొచ్చాయి. రయమాకిలోని సర్కారీ సారా కర్మాగారం 4.5 లక్షలకు పైగా పెట్రోలు సీసాలను నింపి పంపింది. వాటిని విసిరేవాడు ట్యాంకుకు కొద్ది మీటర్ల దాకా పాకాలి. ఆ పని చేసినవాళ్లలో చాలామంది వెనక్కి రాలేదు.

ఫిరంగి గుండ్లు ఇంకా ఘోరం. రైఫిల్, మెషిన్‌గన్ తూటాలు రెండు నెలలకు సరిపడా ఉంటే, ఫిరంగి గుండ్లు మూడు వారాలకే. డివిజన్‌కు ఉన్న 36 ఫిరంగుల్లో చాలావి జార్ కాలపువి.

అందుకే ఈ యుద్ధం రెండు రకాలుగా నడిచింది. ఉత్తరాన సువొముస్సల్మి దగ్గర యల్మర్ సీలస్వుయో దళాలకు మొదట్లో ఫిరంగి గానీ ట్యాంకు నిరోధక తుపాకీ గానీ లేవు. ఉన్నవి స్కీలు, గుడారాలు, సువోమిలు, ఆ అడవి తెలిసిన మనుషులు. వాళ్లు రోడ్డు మీద బారులు తీరిన శత్రువును పక్క నుంచి కోసి ముక్కలు చేశారు. 1940 జనవరి మొదటి వారంలో రాతె రోడ్డు మీద ఉక్రెయిన్ నుంచి వచ్చిన 44వ డివిజన్ చెదిరిపోయింది. పదుల కొద్దీ ఫిరంగులు, ట్యాంకులు, లెక్కలేనన్ని తూటాలు ఫిన్లాండ్ చేతికొచ్చాయి.

దక్షిణాన కరేలియా భూసంధిలో అడవి తక్కువ, రోడ్లు ఎక్కువ. అక్కడ రెడ్ ఆర్మీ జనవరంతా ఆగి, నేర్చుకుని, ఫిరంగులు కూడగట్టుకుంది. రోజుల తరబడి గుండ్లు కురిపించి, ఫిబ్రవరి 11న సుమ్మా దగ్గర భూసంధికి అడ్డంగా ఉన్న రక్షణ వరస, మన్నర్‌హైమ్ రేఖను చీల్చింది. బదులు చెప్పడానికి ఫిన్లాండ్ ఫిరంగులకు గుండ్లు లేవు. ప్లటూన్ ఎంత బాగా కూర్చినా, పల్లె ఎంత గట్టిగా నిలబడినా ఆ లోటు పూడలేదు. 1940 మార్చి 13న శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చింది. వీపురి నగరంతో సహా దేశంలో దాదాపు పదో వంతు భూమి పోయింది. 4 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి పశ్చిమానికి తరలారు.

ఈ యుద్ధం నేర్పింది రెండువైపులకూ పనికొచ్చింది. సోవియట్ సైన్యం చలి దుస్తులు, సబ్‌మెషిన్‌గన్లు, చిన్న దళాల శిక్షణ మీద దృష్టి పెట్టింది. ఫిన్లాండ్ తన ప్రాంతీయ సమీకరణను వదలకుండా, ట్యాంకు నిరోధక తుపాకులు, ఫిరంగులు ఎక్కడ దొరికితే అక్కడ కొన్నది, స్వాధీనం చేసుకున్న వాటిని బాగుచేసి వాడింది. ఆ తర్వాత మళ్లీ జరిగిన యుద్ధం చివర, 1944లో సోవియట్లతో కుదిరిన యుద్ధ విరమణ షరతుల కింద పౌర రక్షక దళాన్నీ లొట్టా స్వార్డ్‌నూ రద్దు చేశారు. కానీ జాబితా మిగిలింది. 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరిన తర్వాత కూడా ఫిన్లాండ్ నిర్బంధ సైనిక సేవను, రిజర్వు వాళ్ల పునశ్శిక్షణను కొనసాగిస్తూనే ఉంది. పౌర రక్షక దళం ఆయుధశాలగా మొదలైన సాకో ఇప్పటికీ రీహిమాకిలోనే రైఫిళ్లు తయారు చేస్తోంది. ఒకప్పుడు ఫిన్లాండ్ ట్యాంకు నిరోధక తుపాకులు కొనుక్కున్న స్వీడన్ సైన్యం ఇప్పుడు తన కొత్త రైఫిళ్లను అక్కడి నుంచే కొంటోంది.